గంజి వార్చే స్టాండుకు డ్రైవింగు పరీక్ష

ఇంతవరకు లోకంలో లేని వస్తువును తయారుచేయడానికి, సరిగ్గా అదే వస్తువును తయారుచేయడంలో ఐదేళ్ల అనుభవం ఉన్న మనిషి కావాలని మా మండలి ప్రకటన ఇచ్చినప్పుడు ఊళ్లో కొందరు నవ్వారు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. ఆ ప్రకటన టైపు చేసింది నేను. అందులో నవ్వాల్సిన సంగతేదీ అప్పట్లో నాకు కనబడలేదు.

మాది వినూత్న వస్తు ప్రోత్సాహక మండలి. పెట్టి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో వినూత్న వస్తువంటూ ఏదీ బయటికి రాలేదు. ఒకటి రెండు మా గుమ్మందాకా వచ్చిన మాట నిజమే గాని, ఏ రిజిస్టరులో ఎక్కించాలో తేలక వెనక్కి పంపేశాం. మిగతా పనంతా సక్రమంగా సాగుతోంది. హాజరు పట్టీ ఉంది. ఇన్‌వర్డు, అవుట్‌వర్డు ఉన్నాయి. వెనక షెడ్డులో ఇంజను పోయిన జీపు ఒకటి నాలుగు ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది. దానికి వీర్రాజు అని ఓ డ్రైవరు కూడా ఉన్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి దాని అద్దాలు తుడిచి సంతకం పెడతాడు.

ఇలా ప్రశాంతంగా ఉన్న సమయంలో మా డైరెక్టరు ముక్తేశ్వరరావుగారు రాజధానిలో రెండు రోజుల సదస్సుకు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు గోడకు అంటుకునే రంగురంగుల చీటీల కట్టలు నాలుగు పట్టుకొచ్చారు.

“ఏమయ్యా సుందరం, ఇన్నాళ్లూ మనం పొరపాటు పడ్డాం” అన్నారు నన్ను పిలిచి. “వస్తువు ముఖ్యం కాదు. ప్రొడక్ట్ డిజైనర్ ముఖ్యం. సరైన డిజైనర్ను ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే.”

“మిగతా సగం సార్?”

“అది డిజైనర్ చూసుకుంటాడు.”

డిజైనర్‌కు పని చూపించడానికి ఏదో ఒక ఆలోచన ఉండాలి కాబట్టి, ప్రజల దగ్గర ఆలోచనలు ఆహ్వానిస్తూ గేటు దగ్గర పెట్టె పెట్టించాం. నెల తర్వాత తెరిస్తే, మా వరండాలో ఫ్యాను తిరగడం లేదని ఫిర్యాదు ఒకటి దొరికింది. అది మా సిబ్బంది దస్తూరీయే అని పోల్చుకున్నాం గాని పైకి అనలేదు.

ఆ వారంలోనే వరహాలమ్మ వచ్చింది. ఊరి చివర బాలికల వసతి గృహంలో వంటమనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి. కుంటుకుంటూ మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, డైరెక్టరుగారి గదిలో గోడవారగా నిలబడింది.

“అయ్యగారండీ, నూటెనభై మంది పిల్లలకి రెండు పూటలా అన్నం వండాలండి. ఇన్నాళ్లూ గుండిగ ఒకేపు నేను, ఒకేపు మంగాయమ్మ పట్టుకుని గంజి వార్చేవోళ్లమండి. మంగాయమ్మ రిటైరైపోయిందండి. ఆవిడ బదులు ఇంకా ఎవుర్నీ ఎయ్యలేదండి. ఒక్కదాన్నే వంచుతుంటే మసిగుడ్డ జారిపోతందండి. మొన్న జారిందండి కూడా.” చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని ఎడమ పాదం చూపించింది. పాదం మీద చర్మం ఊడి ఎర్రగా ఉంది. “చెయ్యలేకపోతే చెప్పు, ఇంకోళ్లని ఎట్టుకుంటానంటన్నారండి వార్డెనమ్మగారు. ఎత్తకుండా కూకునే వంచుకునే స్టాండేదన్నా ఇప్పిత్తే చాలండి. నా పని నేను చేసుకుంటాను.”

డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి. “ఎంత చక్కటి సమస్య! మన జిల్లాలో ఇంత మంచి సమస్య ఉందని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు” అన్నారు.

“చక్కటిదేంటండీ బాబూ, మంటెడతంది” అంది వరహాలమ్మ.

ఆయన గులాబి రంగు చీటీ మీద ‘మంట’ అని రాసి గోడకు అంటించారు. ఆవిడను ఆ చీటీ పక్కన నిలబెట్టి ఫొటో తీయించారు. ఆ విధంగా ఆలోచన ఖరారైంది. ఇక దానికి తగిన ప్రొడక్ట్ డిజైనర్ను ఎంచుకోవడమే మిగిలింది.

ఇక్కడ మా కార్యాలయ పద్ధతి ఒకటి చెప్పాలి. మేము ఏ కాగితమూ కొత్తగా రాయం. కొత్తగా రాస్తే తప్పులొస్తాయి, ఆ తప్పులకు ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి. అదే పాత ఫైలు తీసి, పేర్లు మార్చి దించేస్తే, తప్పులున్నా అవి పెద్దవాళ్లు ఆమోదించిన తప్పులే అవుతాయి. దీన్ని పూర్వోదాహరణ అంటాం. మా మండలి పుట్టాక ఉద్యోగానికి ప్రకటన ఇచ్చింది ఒక్కసారే, అదీ వీర్రాజును తీసుకున్నప్పుడు. కనుక ఆ ఫైలే తీశాను. ‘వాహనం’ అన్నచోట ‘వస్తువు’ అనీ, ‘నడపడం’ అన్నచోట ‘రూపకల్పన’ అనీ మార్చుకుంటూ పోయాను. గంటలో అయిపోయింది.

డిజైనర్‌కు కళ్లజోడు లేకుండా పూర్తి చూపు ఉండాలి. అదే తరగతికి చెందిన వస్తువును ఐదేళ్లు రూపకల్పన చేసి ఉండాలి. ఆ ఐదేళ్లలో ఒక్క ప్రమాదమూ చేసి ఉండకూడదు. మద్యం సేవించి రూపకల్పన చేయకూడదు. ఘాట్ రోడ్లలో రూపకల్పన చేసినవారికి ప్రాధాన్యం ఉంటుంది.

డైరెక్టరుగారు చివరి వాక్యం దగ్గర ఆగారు. “ఈ ఘాట్ రోడ్లు దేనికయ్యా?”

“పూర్వోదాహరణలో ఉంది సార్.”

“అయితే ఉండనీ. తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతారు. ఉంచితే ఎందుకు ఉంచారని ఎవరూ అడగరు” అని సంతకం పెట్టారు. ఆయన అనుభవం అలాంటిది.

మూడు దరఖాస్తులు వచ్చాయి. ముగ్గుర్నీ ఒకే రోజు పిలిచాం.

మొదట వచ్చిన అమ్మాయి ప్రణవి. వస్తువుల రూపకల్పన మీద పెద్ద చదువే చదివింది. చేతిలో కొలత టేపు, స్కెచ్ పుస్తకం ఉన్నాయి. కుర్చీలో కూర్చుంటూనే, “సార్, ముందు ఆ వంటింటికి వెళ్దాం. ఆవిడ గంజి వార్చేటప్పుడు చూడాలి. గుండిగ ఎంత లోతో, పొయ్యి ఎంత ఎత్తో, తలుపు ఎంత వెడల్పో కొలుచుకోవాలి” అంది.

“పరీక్ష ఇక్కడమ్మా. వంటిల్లు నోటిఫికేషన్‌లో లేదు” అన్నారు డైరెక్టరుగారు.

గోడకు అక్షరాల అట్ట తగిలించి, కళ్లజోడు తీయమన్నాం. మూడో వరుస దగ్గర ఆగిపోయింది. “నేను గీసేది కళ్లజోడు పెట్టుకునే కదా సార్?” అంది కాస్త విసుగ్గా.

“రూపకల్పన మధ్యలో కళ్లజోడు కిందపడితే? ఎదురుగా వచ్చే ప్రజల భద్రతకు పూచీ ఎవరు?”

ఆ అమ్మాయి ఆయన వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. నేను కిటికీ వైపు చూశాను. టేపు చుట్టుకుని వెళ్లిపోయింది.

రెండో అభ్యర్థి అప్పలస్వామి. బస్టాండు పక్కన వెల్డింగు షాపు. వరహాలమ్మకు స్వయానా మరిది. అతను కాగితాలేమీ తేలేదు. రిక్షా మీద స్టాండే తెచ్చాడు, వెనకాలే వరహాలమ్మ నడుచుకుంటూ వచ్చింది. పాత ఇనుప మంచం గొట్టాలతో చేసిన స్టాండు. పొయ్యికి అటూ ఇటూ నిలబడే కాళ్లు, మధ్యలో గుండిగ కూర్చునే కడియం, పక్కన పొడవాటి పిడి. గుండిగ నిండా నీళ్లు పోసి మా ఆవరణలో పెట్టారు. వరహాలమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని ఒంటిచేత్తో పిడి దించింది. గుండిగ మెల్లగా వంగింది. మూత సందులోంచి నీళ్లన్నీ తొట్టిలోకి జారాయి. పిడి వదిలితే మళ్లీ నిటారుగా నిలబడింది. ఒక్క చుక్క కింద పడలేదు. సిబ్బందిమంతా చప్పట్లు కొట్టాం. డైరెక్టరుగారు కూడా కొట్టారు.

“నాలుగు రోజులబట్టి దీనిమీదే వారుత్తన్నానండి. ప్రాణం లేచొచ్చిందనుకోండి” అంది వరహాలమ్మ. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

డైరెక్టరుగారు గొంతు సవరించుకుని నోటిఫికేషన్ తెరిచారు. “ఎన్నేళ్లనుంచి చేస్తున్నావు ఇది?”

“మొన్న బేస్తవారం మొదలెట్టానండి. శనారానికి అయిపోయిందండి.”

“మూడు రోజుల అనుభవం. మాకు ఐదేళ్లు కావాలి.”

“ఐదేళ్ల కితం ఇది లేదు కదండి. ఇప్పుడేగా చేశాను.”

“అందుకే అనుభవం లేదంటున్నాను.”

అప్పలస్వామి తల గోక్కున్నాడు. “పోనీ ఐదేళ్లబట్టీ చేత్తన్నాననుకోండి.”

“అప్పుడిది కొత్త వస్తువు కాదు. మా మండలి పరిధిలోకే రాదు.”

“అంటే ఎలా చేసినా తప్పేనాండి?”

“తప్పని మేమనలేదు. అర్హత లేదన్నాం” అన్నారాయన ఎంతో మర్యాదగా.

అయినా అన్యాయం చేశారన్న మాట రాకూడదని ప్రాక్టికల్ పరీక్ష కూడా పెట్టాం. నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో పక్కపక్కనే రెండు గీతలు గీసి, వాటి మధ్యగా, అంచు తగలకుండా సుద్దముక్కతో మరో గీత గీసుకుంటూ పోవాలి. తర్వాత అదే రివర్సులో, వెనక్కి నడుస్తూ గీయాలి. అప్పలస్వామి ముందుకు బాగానే గీశాడు. రివర్సులో రెండో మలుపు దగ్గర అంచు తగిలించాడు. ఇనుమును వెన్నలా కోసి అతికే మనిషి, సుద్దముక్క చేతిలో పట్టుకుని నా ముందు తలొంచుకు నిలబడ్డాడు. ఫెయిల్ అని రాశాను.

వాళ్లు స్టాండు రిక్షా ఎక్కించబోతుంటే పద్నాలుగో నిబంధన గుర్తుకొచ్చి ఆపాను. పరీక్షకు తెచ్చిన వస్తువును, తుది ఫలితాలు వెలువడి అప్పీళ్ల గడువు ముగిసేవరకు కార్యాలయంలోనే ఉంచాలి. డ్రైవరు ఫైల్లో అది వాహనం గురించి రాసిన మాట.

“అయ్యబాబోయ్, రేపు పొద్దున్నే అన్నం వార్చాలండి! ఇంట్లో ఉన్న ఒక్క ఇనప మంచమూ దీనికే కోసేశాడండి, ఇంకోటి కొని చేయించుకునే తాహతు మాకు లేదండి” అంది వరహాలమ్మ.

“ఇదంతా నీకోసమేనమ్మా. కాస్త ఓపిక పట్టాలి” అన్నారు డైరెక్టరుగారు.

స్టాండును రికార్డు గదిలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా సొరుగులోనే ఉంచుకున్నాను.

మూడో అభ్యర్థి మా వీర్రాజే. మూడు దరఖాస్తులైనా లేకపోతే పోటీ చెల్లదని డైరెక్టరుగారే అతనిచేత పెట్టించారు. చూపు అద్దంలా ఉంది. ఎనిమిది ముందుకూ వెనక్కూ కళ్లు మూసుకుని గీశాడు. ప్రమాదాల సంగతి చెప్పనే అక్కర్లేదు, జీపు కదిలితే కదా. ఇక అదే తరగతి వస్తువులో ఐదేళ్ల అనుభవం విషయంలో నేను కొంచెం సందేహించాను. డైరెక్టరుగారు సందేహించలేదు.

“బరువైన వస్తువును స్టాండు మీద నిలబెట్టి, కింద పడకుండా తొమ్మిదేళ్లుగా కాపాడుతున్న మనిషి వీర్రాజు. ఇంతకంటే అనుభవం ఎవరికుంది?” అన్నారు. నిజమే కదా అనిపించింది.

“అయ్యగారూ, నాకు స్టీరింగు తప్ప ఏం తెల్దండి” అని మొత్తుకున్నాడు వీర్రాజు. “ఆ అప్పలసామి చేసిందే బాగుందండి. అదే ఇచ్చేయండి ఆవిడకి.”

“అది పరీక్షలో ఫెయిలైన వస్తువు వీర్రాజూ. ఫెయిలైనది బాగుండడానికి సాంకేతికంగా వీల్లేదు” అన్నారు డైరెక్టరుగారు. ‘ప్రొడక్ట్ డిజైనర్’ అని పలక రాయించి, షెడ్డు ముందు తగిలించారు.

పాపం, వీర్రాజు తనకు తెలిసిందే చేశాడు. రెండు నెలలు తిరిగేసరికి వినూత్న గంజి వార్పు యంత్రం తయారైంది. నాలుగు చక్రాలు, స్టీరింగు, చేతిబ్రేకు, వెనక వచ్చేవాళ్లు కనబడటానికి అద్దాలు. నిబంధనల్లో ఉంది కాబట్టి హారన్ కూడా. స్టీరింగు పద్నాలుగు చుట్లు తిప్పితే గుండిగ ఓ పక్కకు ఒరుగుతుంది, ఒరిగాక రెండు చేతులతో బ్రేకు లాగి పట్టుకోవాలి. అలా రెండు చేతులూ బ్రేకు మీదుంటే మూత ఎవరు పట్టుకుంటారని వీర్రాజే అడిగాడు. అది రెండో దశలో చూద్దామన్నారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఖాళీ గుండిగకు పూలదండ వేశారు. ముఖ్య అతిథి స్టీరింగు ఓ చుట్టు తిప్పి, హారన్ కొట్టి, వంటింటి చరిత్రలో ఇదో మైలురాయి అన్నారు. వరహాలమ్మను వేదిక కింద మొదటి వరుసలో కూర్చోబెట్టారు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు యంత్రాన్ని లారీలో వసతి గృహానికి తీసుకెళ్లాం. అక్కడ తెలిసింది, అది వంటింటి తలుపులో పట్టదని. జానెడు వెడల్పు ఎక్కువైంది. తలుపు ఎవరూ కొలవలేదు. అడ్డం చేసి చూశాం, నిలువు చేసి చూశాం, చివరికి ఆవరణలో పంపు పక్కన పెట్టి పైన టార్పాలిన్ కప్పాం. పొయ్యి లోపల, యంత్రం బయట. ‘స్థాపన పూర్తి’ అని నివేదికలో నేనే రాశాను. స్థాపించామో లేదో అన్నదే గడిలో ఉంది, ఎక్కడ స్థాపించామన్న గడి లేదు.

ఆ నివేదిక నకలు ఒకటి వసతి గృహాల పై కార్యాలయానికి వెళ్లింది. వాళ్లూ చదువుకున్నవాళ్లే. యంత్రం వచ్చాక రెండో మనిషి దేనికని ఆలోచించి, మంగాయమ్మ ఖాళీ చేసిన పోస్టును రద్దు చేస్తూ ఉత్తర్వు పంపారు. ఒక వస్తువు మనిషి పని తగ్గించడం అంటే ఇదేనని మా డైరెక్టరుగారు ఎంతో సంతోషించారు. ఆ ఉత్తర్వు అందిన తొమ్మిదో రోజు పొద్దున వరహాలమ్మ చేతిలో మసిగుడ్డ మళ్లీ జారింది.

ఈసారి రెండు కాళ్లూ కాలాయి. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆవిడ అక్కడుండగానే పై కార్యాలయంవారు మెమో పంపించారు. ప్రభుత్వం సమకూర్చిన ఆధునిక యంత్రాన్ని ఉపయోగించకుండా, పాత పద్ధతిలో నిర్లక్ష్యంగా గంజి వార్చి ప్రమాదానికి కారణమైనందుకు నిన్ను ఎందుకు తొలగించకూడదో వారం రోజుల్లో తెలపవలసింది అని.

ఆ మెమో పట్టుకుని వచ్చింది మా ఆఫీసుకి. కట్లు ఇంకా విప్పలేదు. అప్పలస్వామి రెక్క పట్టుకుని మెట్లెక్కించాడు. డైరెక్టరుగారు ఊళ్లో లేరు. ప్రజల కష్టమే కేంద్రంగా రూపకల్పన చేయించినందుకు రాజధానిలో ఏదో పురస్కారం ఇస్తుంటే వెళ్లారు. వరహాలమ్మ నా టేబిలు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది.

“గుమాస్తాగారండీ, రేపట్నించి పనిలోకి రాకపోతే ఇంకోళ్లని ఎట్టేసుకుంటారంటండి. వెళ్తే మళ్లీ ఆ గుండిగే. మా స్టాండు మాకిచ్చేయండి బాబూ. అంతకన్నా నేనేం అడగను.”

“ఫలితాలు వచ్చాయి గాని, అప్పీళ్ల గడువు ఇంకా మూడేళ్లుందమ్మా” అన్నాను. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. “అలాగాండి” అంది. అని, లేవడానికి బల్ల అంచు పట్టుకుంది. కాళ్లు మోపలేక మళ్లీ కూలబడింది. నాకు సిగ్గేసింది. ఇంతవరకూ మా మండలి గురించి ఎవరేమన్నా నేను పట్టించుకోలేదు. ఆ పూట మాత్రం, ఎవరూ ఏమీ అనకుండానే తల ఎత్తలేకపోయాను.

ఆవిణ్ణి కూర్చోమని చెప్పి రికార్డు గదిలోకి వెళ్లాను. పరీక్షకు వచ్చిన వస్తువును విడిచిపెట్టే ఫైలు మా దగ్గర లేదు. ఉపయోగపడే వస్తువును బయటికి పంపే ఫైలు అసలే లేదు. మూడో బీరువాలో అడుగున, విరిగిన కుర్చీలు రెండు వదిలించుకున్నప్పటి ఫైలు దొరికింది. దాన్ని ముందు పెట్టుకుని, ‘కుర్చీలు’ అన్నచోట ‘స్టాండు’ అని మార్చి గేటు పాసు టైపు చేశాను. డైరెక్టరుగారి తరఫున నేనే సంతకం చేశాను. తాళం తీసి, స్టాండు మీది దుమ్ము నా కండువాతో తుడిచి, అప్పలస్వామిచేత వరండాలోకి మోయించాను.

“ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా” అన్నాను.

“ఏం రాశారో ఓసారి చదవండి” అంది. మా కాగితాలతో ఆవిడకు పరిచయం అయింది కదా.

చదివాను. “దేనికీ పనికిరాని ఇనుప సామాను, ఒకటి. ముట్టినది.”

“దేనికీ పనికిరాందా?” అన్నాడు అప్పలస్వామి. మొహం ఎర్రబడింది.

“అలా రాయకపోతే గేటు దాటదు నాయనా” అన్నాను.

వరహాలమ్మ అతన్ని ఊరుకోమని చెయ్యి ఊపింది. సిరా డబ్బాలో బొటనవేలు అద్దుకుంటూ, “ఈ కాయితం రాయడానికి ఎంతసేపట్టిందండి మీకు?” అని అడిగింది.

అడిగింది నింద వేయడానికి కాదు. తెలుసుకుందామని అడిగింది. పైనుంచి అనుమతులు రావాలమ్మా, చాలా ప్రయాసపడ్డాను అని చెప్పాలనిపించింది. అలాంటి జవాబులు నా దగ్గర బోలెడున్నాయి.

“పది నిమిషాలు” అన్నాను.

ఆవిడ కాసేపు తన కాళ్ల కట్ల వంక చూసుకుంది. తర్వాత కాగితం మీద వేలిముద్ర గట్టిగా నొక్కి, మరిది భుజం పట్టుకుని మెట్లు దిగింది.